ఏ బురద చెరువు?

దోషులు మీరే, బాల్సమ్ కౌంటీ బోర్డు సభ్యుల్లారా. ఒక్క కౌంటీలో ఐదు చెరువులకు ఒకే పేరు పెట్టింది మీ తాతలు. అది సోమరితనం, పోనీలే అని వదిలేయొచ్చు. ఇన్నేళ్ల తర్వాత ఆ తప్పు దిద్దుతామని బయల్దేరింది మీరు. దీన్ని మాత్రం వదిలేది లేదు. చర్చి కాఫీ కమిటీకీ ఇందులో వాటా ఉంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టి వాళ్ల నేరం ఇంకా పెద్దది. ఆర్డిస్ సోల్‌బర్గ్ అనే మనిషి ఒక్క రాత్రి ఒంటరిగా అడవిలో పడుకుందామనుకుంటే మీరంతా కలిసి ఏం చేశారో మీకు గుర్తున్నట్టు లేదు. అందుకే మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది.

సెప్టెంబరు మూడో వారం, గురువారం ఉదయం. దోమలు చచ్చాయి. జింకల వేటగాళ్లు ఇంకా తుపాకులు తీయలేదు. ఉత్తర మిన్నెసోటాలో అడవిలో పడుకోవడానికి ఏడాదికి అలాంటి వారాలు రెండో మూడో ఉంటాయి. ఆర్డిస్ వంటింటి బల్ల మీద మ్యాపు పరిచింది. ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. ఇరవై ఆరేళ్లుగా స్కూల్లో మూడు వందల మందికి మధ్యాహ్నం వండుతోంది, రాత్రి మొగుడికి వండుతోంది, ఆదివారం చర్చి నేలమాళిగలో ఊరందరికీ వండుతోంది. కాఫీ ఉందా అని ఎవరూ అడగని ఒక్క రాత్రి కావాలని ఏడేళ్లుగా అనుకుంటోంది. ఒక ఏడు ఎవరిదో పెళ్లి అడ్డం వచ్చింది, ఒక ఏడు ఎవరిదో చావు, తక్కిన ఏళ్లన్నీ ఉత్త మొహమాటం. వచ్చే నెలలో ఆమె మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత వీపు మీద బరువేసుకుని నడవడం మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఈ శనివారం కాకపోతే ఇక లేదు.

పథకం చాలా చిన్నది. పొద్దున్న ఎనిమిదికి బయల్దేరడం, అడవి రోడ్డు చివర బండి ఆపి నాలుగు మైళ్లు నడవడం, గట్టున గుడారం వేసుకోవడం, ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి మళ్లీ బండి దగ్గరికి రావడం. గుడారం ఒక్క మనిషికి సరిపోయేదే కొంది. కావాలనే కొంది.

మొగుడు వెండెల్ ఆ గుడారం సంచిని చేత్తో ఎత్తి చూశాడు.

"ఇందులో ఒక్కళ్లే పడతారేమో."

"ఒక్కళ్లే."

"కాళ్లు చాపుకుంటే?"

"చాపేది నా కాళ్లే కదా, పడతాయి."

వెండెల్ సంచి కింద పెట్టాడు. "అదో రకంగా ఉంటుందిలే," అన్నాడు. మా దగ్గర ఆ మాటకి బొత్తిగా నచ్చలేదని అర్థం. ఆర్డిస్‌కి అది తెలుసు. తెలియనట్టు మ్యాపు మడిచింది.

"ఇంతకీ ఎక్కడికి?"

"బురద చెరువుకి."

"ఓ, బురద చెరువుకా," అన్నాడు వెండెల్. తను చేపలు పట్టే బురద చెరువు అతని కళ్లముందు మెదిలింది. ఆర్డిస్ అన్నది చిన్నప్పుడు నాన్న వెంట నడిచి వెళ్లిన బురద చెరువు గురించి. మా కౌంటీలో ఎవరి బురద చెరువు వాళ్లకి ఒక్కటే. తతిమ్మా నాలుగూ ఉన్నాయని అందరికీ తెలుసు గానీ, వాటి సంగతి ఎవరికీ పట్టదు. అందుకే ఏ బురద చెరువు అని ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.

వెండెల్ ఆ మధ్యాహ్నమే తన అక్క మావిస్‌కి చెప్పాడు. సాయంత్రానికి మావిస్ ఫోన్ చేసింది. ఆవిడ కాఫీ కమిటీ అధ్యక్షురాలు. ఊళ్లో ఎవరికి ఏ బాధ ఉన్నా మొదట ఆవిడకే తెలియాలి, లేకపోతే అది ఆవిడ బాధ అవుతుంది.

"ఒక్కదానివే అడవిలో పడుకుంటావటగా అమ్మాయ్."

"అవును వదినా."

"మంచిదేలే. నాలాంటిదాని వల్ల ఎక్కడవుతుంది."

"నువ్వు కూడా రాకూడదూ," అంది ఆర్డిస్. అలవాటు అలాంటిది. మాట బయటికొచ్చాక గానీ ఆమెకు తెలియలేదు.

"అబ్బే, నేనెందుకమ్మా. నీకు శ్రమ."

ఇక్కడ ఒక సంగతి. మా కౌంటీలో ఏదైనా మూడుసార్లు అడగాలి. మొదటిసారి అవతలివాళ్లు వద్దంటారు. రెండోసారి కూడా నీకెందుకు శ్రమ అంటారు. మూడోసారికి, సరే నువ్వంతగా అంటున్నావు గనక, అని ఒప్పుకుంటారు. పెళ్లి పిలుపైనా, ఇంకో ముక్క కేకైనా, మంచులో కూరుకుపోయిన బండిని లాగడమైనా ఇదే పద్ధతి. మావిస్ రెండో పిలుపు కోసం ఆగింది. ఆర్డిస్ ఒంటి మనిషి గుడారం వైపు చూసింది.

"సరే అయితే," అంది.

అరవై ఆరేళ్ల జీవితంలో మావిస్ వద్దంటే వద్దని నమ్మినవాళ్లు అంతవరకు లేరు.

"ఆర్డిస్, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది వదినా."

"అంటే... ఎంత బాగుంది?"

"పొయ్యి మీద సూప్ పొంగుతోంది, ఉంటాను." పొయ్యి మీద సూప్ లేదు. అలసిపోయిన మనిషి ఆడే అబద్ధాలు అలాగే ఉంటాయి, వండినట్టే ఉంటాయి.

శుక్రవారం ఉదయం పదింటికి కాఫీ కమిటీ కూర్చుంది. సరే అయితే అన్నదంటే ఏదో పెద్ద జబ్బైనా అయ్యుండాలి, మొగుణ్ని వదిలేస్తూనైనా ఉండాలి. సగం మంది జబ్బు అన్నారు, సగం మంది వదిలేయడం అన్నారు. వాళ్లు గొడవలు పడే మనుషులు కారు కాబట్టి రెండూ అని తీర్మానించుకుని వంటకు లేచారు. వండింది హాట్‌డిష్. పైన ఆలుగడ్డ ఉండలు పరిచి ఓవెన్లో పెట్టే ఆ మాంసం గిన్నెను చెప్పకుండా ఎవరింటి గుమ్మంలోనైనా పెట్టి వెళ్లారంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని గానీ పోబోతున్నారని గానీ లెక్క.

సాయంత్రం నాలుగింటికి వెండెల్ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఏడు గిన్నెలున్నాయి. ఒకదాని మీద "ధైర్యంగా ఉండు" అని చీటీ ఉంది. వెండెల్ చీటీని రెండుసార్లు చదివాడు. పొద్దున్న ఆర్డిస్ నిక్షేపంలా పనికి వెళ్లింది. పిల్లలు దూరంగా ఉన్నా ఫోన్లలో బాగానే మాట్లాడుతున్నారు. ఇక ఈ ఇంట్లో మిగిలింది తనొక్కడే.

ఆర్డిస్ వచ్చేసరికి హాల్లో నేలంతా గాలాలు పరిచి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పేరు కట్టి ఉంది.

"ఏంటిది?"

"మంచుకి బెజ్జం పెట్టే బరమా మావిస్ వాళ్లాయనకి. పెద్ద గాలం పాస్టరుగారికి. ఆకుపచ్చ పెట్టె ఎవరికివ్వాలో తోచలేదు, నువ్వే చూడు." వెండెల్ గొంతు మామూలుగానే ఉంది. "నా దగ్గర దాచక్కర్లేదు ఆర్డిస్. డాక్టరు ఫోన్ చేశాడా?"

"చేశాడు, నా మోకాలి గురించి."

"నా గురించి?"

"నీ గురించి ఎవరూ ఏమీ చేయలేదు."

"అంటే చేయడానికి ఏమీ లేదన్నమాట," అన్నాడు వెండెల్. గాలాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అతనికి ఏ రోగమూ లేదని నమ్మించడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో అతను ఒక గిన్నెన్నర తిన్నాడు. తినగలుగుతున్నాడు కాబట్టి బతుకుతాడేమోనని చివరికి తనే ఒప్పుకున్నాడు. ఆర్డిస్ గాలాలన్నీ మళ్లీ గోడకి తగిలించి, గిన్నెలు ఫ్రిజ్‌లో సర్ది, అప్పుడు వీపు సంచి కట్టుకోవడం మొదలుపెట్టింది.

శనివారం ఎనిమిదికి ఆమె చెయ్యి బండి తలుపు మీద పడేసరికి పాస్టర్ లుండ్ కారు వచ్చి ఆగింది.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు ఆర్డిస్. ఊరికే కూర్చుందామని వచ్చాను."

"నేను బయల్దేరుతున్నానండీ పాస్టరుగారూ."

"వెళ్లిపోవాలనిపించడం సహజమేనమ్మా."

ఆయన కూర్చున్నాడు. ఆర్డిస్ కాఫీ పోసింది. పెళ్లి బంధం గురించి అరగంట, శరీరం అశాశ్వతమని అరగంట చెప్పాడు. రెండు వార్తల్లో ఏది నిజమో తెలియక రెండిటికీ సిద్ధపడి వచ్చాడు పాపం. తొమ్మిదింటికి తొడ మీద చరుచుకుని "సరే మరి" అన్నాడు. మా వాళ్లు సరే మరి అంటే వెళ్లడానికి ఇంకో గంట ఉందని అర్థం. బల్ల దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, కారు కిటికీలోంచి ఒకసారి అనాలి. గుమ్మం దగ్గర ఆగినప్పుడు ఫ్రిజ్ మీద చీటీ ఆయన కంటపడింది. "బురద చెరువుకి వెళ్తున్నా. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి బండి దగ్గరికి వచ్చేస్తా. హాట్‌డిష్‌లు ఫ్రిజ్‌లో ఉన్నాయి." ఆయన మొదటి వాక్యం చదివి తల పంకించాడు. రెండోది చదివే తీరిక ఆయనకి లేదు. తర్వాత వచ్చినవాళ్లెవరికీ లేదు.

ఆర్డిస్ కదిలేసరికి పది దాటింది. మధ్యాహ్నం రెండున్నరకి, మోకాలు చేతికర్ర మీద ఆన్చుకుంటూ, తన బురద చెరువు గట్టు చేరింది. గుడారం వేసింది. సూప్ కాచుకుంది. కాచిన సూప్ పొగలు పోతుండగానే, అందరికంటే ముందు తనే, గిన్నెలోంచే తాగింది. అది ఎన్నేళ్ల తర్వాతో ఆమెకే గుర్తులేదు. అవతలి గట్టున ఒక నీటికోడి దీర్ఘంగా కూసింది.

"లేదు, కాఫీ లేదు," అంది ఆర్డిస్ దానితో. అది మళ్లీ అడగలేదు.

అదే సమయానికి ఇరవై ముగ్గురు మనుషులు, ముప్ఫై కప్పుల కాఫీ కుండ, రెండు పళ్లాల కేకు ముక్కలు, క్యారెట్ తురుము కలిపిన జెల్లీ ఒకటి, అన్నీ కలిసి బురద చెరువుకి చేరాయి. మావిస్ నాయకత్వం. ఆర్డిస్‌కి తోడుగా అందరూ అక్కడే ఆ రాత్రి ఉండిపోవాలని ఏర్పాటు. అది పడవల రేవు పక్కన, ఏటా చర్చి విందు జరిగే బురద చెరువు. అక్కడ ఆర్డిస్ లేదు. ఆర్డిస్ బండి లేదు. మావిస్ నీళ్లవంక ఒకసారి చూసి, పోలీసు డెప్యూటీ నీమికి ఫోన్ చేసింది.

నీమి వచ్చి బండి దిగకుండానే అడిగాడు. "ఏ బురద చెరువు?"

"ఏదేంటి, బురద చెరువే," అంది మావిస్.

"నేను బాతుల్ని కొట్టేదా?"

"నేను చేపలు పట్టేది," అన్నాడు వెండెల్.

"పిల్లల శిబిరం పెట్టేది కాదూ?" అన్నాడు పాస్టర్ లుండ్.

నీమి మ్యాపు తీశాడు. నాలుగు కనిపించాయి. ఐదోది ఉండాల్సిన చోట మ్యాపు మడతలో చిరిగి బెజ్జం పడింది. మావిస్ గుంపు కాఫీ కుండతో రేవు దగ్గరే ఉండాలని, మిగతా పదిహేనుమంది ఐదుగురు చొప్పున మూడు గుంపులుగా మూడు బురద చెరువులకు వెళ్లాలని నిర్ణయించారు. ప్రతి గుంపుకీ నీమి ఒక రేడియో ఇచ్చాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

సాయంత్రం ఆరింటికి మొదటి గుంపు పలికింది. అది వెండెల్ గుంపు.

"బండి కాస్త దిగబడింది."

"ఎంతవరకు?"

"తలుపుల దాకా."

"మనిషిని పంపనా?"

"అబ్బే, ఇక్కడ బాగానే ఉంది. నీకెందుకు శ్రమ."

పాస్టర్ గుంపుకి దారి తప్పింది. మోకాలి లోతు నాచునేలలో ఒక దిబ్బ మీద ఐదుగురూ నిలబడి ఉన్నారు. సాయం పంపనా అని నీమి అడిగితే, ఇంతకంటే అవసరమున్నవాళ్లు ఉంటారు, ముందు వాళ్లని చూడు నాయనా, అని పాస్టరు అన్నాడు. మూడో గుంపు మాత్రం ఉత్సాహంగా పలికింది.

"బురద చెరువుకి చేరాం."

"ఏ బురద చెరువు?"

"బాగా బురదగా ఉన్నది."

"దగ్గర్లో బోర్డేమైనా ఉందా?"

"ఉంది. పక్క కౌంటీకి స్వాగతం అంటోంది." ఆ గుంపుకి పెట్రోలు కూడా అయిపోయింది. తెమ్మంటారా అంటే, వద్దులే, నడక ఒంటికి మంచిదే కదా, అన్నారు.

నీమి కూడా మా ఊరివాడే. పద్ధతి ప్రకారం ఒక్కొక్కరినీ రెండోసారి అడిగాడు. ఒక్కొక్కరూ రెండోసారి వద్దన్నారు. మూడోసారి అడగబోయేసరికి ఆయన రేడియో బ్యాటరీ అయిపోయింది. పదిహేనుమంది మనుషులు మూడో పిలుపు కోసం ఎదురుచూస్తూ, చలికి ఒకరికొకరు ఆనుకుని, మహా హాయిగా ఉన్నట్టు ఒకరికొకరు చెప్పుకుంటూ తెల్లారబెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువలో ఆర్డిస్ అడవిలోంచి బయటికొచ్చింది. ఆమె బండి ముందు బంపరు మీద డెప్యూటీ నీమి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు తప్పిపోలేదు కదా?" అన్నాడు.

"లేదే."

"అనుకున్నాను. పొద్దున మీ ఇంటికెళ్లి చీటీ మొత్తం చదివాను. అడవి రోడ్లన్నీ వెతుక్కుంటూ వచ్చి, తొమ్మిదింటికి నీ బండి చూశాను."

"మరి లోపలికి రాలేదేం?"

"పన్నెండని రాశావుగా."

తొమ్మిదింటికి ఆర్డిస్ ఇంకా చెరువు గట్టున చెప్పులు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ తర్వాత నాలుగు మైళ్లూ ఎవరూ ఎదురురాకుండా నడిచి వచ్చింది. ఏడేళ్లుగా కోరుకుంటున్నది ఇదే. ఇచ్చింది ఈ మనిషి ఒక్కడే.

"ఇప్పుడు ఏమైంది?"

"నువ్వు దొరికావు. నిన్ను వెతకబోయిన పదిహేనుమంది తప్పిపోయారు."

ఆర్డిస్ వీపు సంచి బండిలో పడేసింది. ముందు వెండెల్ దగ్గరికి వెళ్లారు. వెండెల్ మునిగిన బండి కప్పు మీద కూర్చుని, ఒళ్లో ఖాళీ హాట్‌డిష్ గిన్నె పెట్టుకుని ఉన్నాడు.

"ఎక్కుతావా?" అంది ఆర్డిస్.

"అబ్బే, నీకు శ్రమ, నువ్విప్పుడే కదా..."

"సరే అయితే," అని ఆర్డిస్ గేరు వేసింది. వెండెల్, అతనితో ఉన్న నలుగురు, గట్టు దూకి మరీ పరుగెత్తుకొచ్చి ఎక్కారు. నాచుదిబ్బ మీద పాస్టరుకి ఆ సంగతి ఎలా తెలిసిందో, ఆమె నోరు తెరవకముందే "ఎక్కుతాను" అన్నాడు. మూడో గుంపు పక్క కౌంటీ రోడ్డు మీద నడుస్తూ దొరికింది. రేడియోలతో ఒక పూటంతా కాని పని, ఒక్కొక్కరినీ ఒక్కసారే అడగడంతో మూడు గంటల్లో అయిపోయింది.

సాయంత్రం నాలుగింటికి అందరూ రేవు దగ్గరికి చేరారు. మావిస్ ఎదురొచ్చి ఆర్డిస్‌ని గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి, అందులో నాటకం లేదు.

"వచ్చావా తల్లీ. ఎంత హడలిపోయామో. కుండ ఖాళీ అయిపోయింది, కాస్త కాఫీ పెడతావా?"

ఆర్డిస్ కాఫీ పెట్టింది. ముప్ఫై కప్పులు.

ఇంటికి వెళ్లేటప్పుడు వెండెల్ అడిగాడు. "నీ బురద చెరువు ఎంత దూరం?"

"నాలుగు మైళ్లు నడక."

"వచ్చే ఏడు నీ మోకాలు బరువు మోయలేదు కదా. సంచి నేను మోస్తాను. గుడారం వేసి, వెనక్కి వచ్చేస్తాను. ఆదివారం పన్నెండుకి బండి దగ్గరుంటాను."

"ఒక్కడివే వెనక్కి నడుస్తావా?"

"అదో రకంగా ఉంటుందిలే," అన్నాడు వెండెల్. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆ మాటకి వేరే అర్థం ఉండటం ఆర్డిస్ మొదటిసారి విన్నది.

కథ ఇక్కడితో ఆగాల్సింది. మీరు ఆగనివ్వలేదు. అక్టోబరు మొదటి మంగళవారం సమావేశంలో ఐదు బురద చెరువులకూ వేరువేరు పేర్లు పెడతామన్నారు. అంతవరకైనా సరే. మొదట, ఆమె పడుకున్నదానికి ఆర్డిస్ చెరువు అన్నారు. అడవి రోడ్డు చివర పెద్ద బోర్డు, అక్కడినుంచి చెరువు దాకా బండి వెళ్లే దారి, గట్టున పన్నెండు బండ్లు ఆపే చోటు, ఆరు భోజనం బల్లలు. ఏటా సెప్టెంబరు మూడో శనివారం అక్కడ ఊరందరి విందు. వంట ఏర్పాట్లు చూసేది ఆర్డిస్. ఆమె చేతికర్ర ఊతంగా లేచి నిలబడింది.

"వద్దు," అంది.

"మొహమాటపడకమ్మా," అన్నాడు బోర్డు అధ్యక్షుడు.

"వద్దండీ."

"నీకు శ్రమేం ఉండదు. వంట ఒక్కటే."

"వద్దు."

అధ్యక్షుడు నవ్వి గుమాస్తా వైపు చూశాడు. మూడోసారి అయింది కదా. గుమాస్తా పుస్తకంలో రాసుకున్నాడు: శ్రీమతి సోల్‌బర్గ్ సంతోషంగా అంగీకరించారు.

కాబట్టి బోర్డు సభ్యుల్లారా, వచ్చే మంగళవారం లోపల ఆ వాక్యం కొట్టేయండి. ఆమె మూడుసార్లు వద్దంది. మూడూ వద్దనే రాయండి. బోర్డు పాతొద్దు, దారి వేయొద్దు, బల్లలు మోయొద్దు. ఐదు చెరువుల పేరూ ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మీకు మరీ పని లేకపోతే ఆరో చెరువుకి కూడా అదే పేరు పెట్టండి. ఈ డిమాండు మీద సంతకాల కాగితం చర్చి నేలమాళిగలో కుండ పక్కన పెట్టాం. వచ్చి సంతకం చేయండి, కాఫీ మాత్రం మీరే పోసుకోండి.